బొబ్బిలి వీణ: అతుకు లేని పని

బహ్రెయిన్ నుంచి మాట్లాడుతున్నాను. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ణి కాదు. ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చేసి, షట్టరింగ్ పని మీద గల్ఫ్‌కి వచ్చి, ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా ఉన్నాను. అందుకని ఈ ఎపిసోడ్‌లో రాగాల జోలికి పోను. వీణ చేసే చేతుల గురించి, ఆ పనిలో వచ్చిన మార్పుల గురించి చెప్తాను.

విజయనగరం జిల్లా బొబ్బిలి అనగానే మనకి 1757 నాటి యుద్ధం గుర్తొస్తుంది. అది ఒక్క రోజులో ముగిసింది. బొబ్బిలి పక్కనున్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి వీణల పని మాత్రం తరతరాలుగా నడుస్తూనే ఉంది. సంస్థానం సంగీతాన్ని ఆదరించింది. వాయించేవాళ్లున్న చోట చేసేవాళ్లూ నిలబడ్డారు. పెద్ద కంపెనీ బోర్డేమీ లేదండి. కుటుంబమే ఫ్యాక్టరీ, తండ్రే ట్రైనింగ్ సెంటర్.

ఇప్పుడు మనం చూసే వీణకి 24 మెట్లు, 7 తీగలు. నాలుగు తీగలు వాయించడానికి, మూడు పక్కన తాళానికి. ఇలా 24 మెట్లు స్థిరంగా బిగించే పద్ధతి 17వ శతాబ్దంలో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలంలో కుదిరిందంటారు. ఆయన తెలుగులో కావ్యాలు రాసిన రాజు. మెట్లు స్థిరపడ్డాక రాగం మారినప్పుడల్లా వాటిని జరపక్కర్లేకపోయింది. ఒకే వీణ మీద అన్ని రాగాలూ పలుకుతాయి.

బొబ్బిలి పేరు మోసింది ఏకాండీ వీణతో. ఈ రకం తంజావూరులోనూ చేస్తారు. ఏకాండీ అంటే కుండ, దండి రెండూ ఒకే పనస దుంగలోంచి తీయడం. ముదురు చెట్టు చూసి కోసి, ఆరబెట్టి, ఉలితో లోపల తొలుస్తారు. కుండ గోడ పల్చగా రావాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడితే దుంగంతా వృథా. అతుకుల వీణ చేస్తే చిన్న చెక్కలు కూడా పనికొస్తాయి, కర్ర కలిసొస్తుంది. మరి ఈ కష్టమంతా దేనికి?

మా భాషలో చెప్తాను. నీళ్ల ట్యాంకుకి కాంక్రీటు పోసేటప్పుడు మధ్యలో ఆపం. ఆపితే పాత పోతకీ కొత్త పోతకీ మధ్య కోల్డ్ జాయింట్ పడుతుంది, రేపు నీరు కారేది అక్కడే. వీణలో కారేది నాదం. తీగ మీటితే ఆ కదలిక కర్రంతా పాకాలి. అతుకు దగ్గర అది కొంత తగ్గుతుందని పనివాళ్ల మాట.

ఇంకో కీలకం మైనం. కంచు మెట్లని మేకులతో కొట్టరు. తేనెమైనం, నల్లపొడి కలిపి కాచి, ఆ ముద్దలో కూర్చి, చెవితో వింటూ ఒక్కో మెట్టూ సరిచేస్తారు. దీన్ని మేళం కట్టడం అంటారు. మైనం కాబట్టి ఎండకి మెత్తబడుతుంది. వీణని బహ్రెయిన్ ఆగస్టులో కారులో వదిలేస్తే ఏమవుతుందో మీరే ఊహించండి. మెట్టు వెంట్రుకవాసి జరిగితే స్వరం తప్పుతుంది. అప్పుడు మళ్లీ మేళం కట్టే మనిషి కావాలి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ముదురు పనస కర్ర దొరకడం కష్టమైంది. ఒక పెద్ద వీణ వారాల తరబడి పని. కూలి గిట్టకపోతే కుర్రాళ్లు ఉలి పక్కన పెట్టి వేరే పని వెతుక్కుంటారు. ఇక్కడ నాలాంటి వాళ్లకి అది చెప్పక్కర్లేదు. అందుకే గొల్లపల్లి వాళ్లు చిన్న చిన్న బహుమతి వీణలు మొదలుపెట్టారు. సన్మానాల్లో శాలువాతో పాటు ఇచ్చేవి అవే. వీణని బొమ్మ చేసేశారని కొందరి విమర్శ. నేనలా అనుకోను. చిన్న వీణ ఇంట్లో పొయ్యి వెలిగిస్తే, పెద్ద వీణ చెక్కే చెయ్యి ఊళ్లో ఉంటుంది. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అది పేరుని కాపాడుతుంది. చేతికి మాత్రం ఆర్డరే కావాలి.

ఇక్కడ బహ్రెయిన్‌లో ముత్యాల వేట 1930ల్లో కుప్పకూలింది. ఆ పడవల మీది ఫిజ్రీ పాటలు ముహర్రక్‌లో ఇంకా పాడుతున్నారు. 2021లో యునెస్కో జాబితాలోకీ ఎక్కాయి. పాట గొంతులో దాక్కుని బతుకుతుంది. వీణకి ఆ వీలు లేదు. చేసేవాడు లేకపోతే కొత్తది రాదు సరే, మేళం వదిలిన పాతవి కూడా మూగబోతాయి.

మన పిల్లల్లో వీణ నేర్చుకునేవాళ్లు ఉంటే, సెలవులకి ఊరెళ్లినప్పుడు గొల్లపల్లి ఒకసారి వెళ్లండి. ఏకాండీయా అతుకులదా, కర్ర ఎన్నాళ్లు ఆరింది, మేళం ఎవరు కట్టారు, అడిగి తెలుసుకోండి. బేరం మాత్రం పనిదినాలు లెక్కేసి ఆడండి. మన కూలిని మనమెలా లెక్కేసుకుంటామో, అలాగే.