ఏటి మధ్య బడి, మన పూచీ

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో లంక గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు మా నివేదికలో ఇచ్చేశాం. ఈ కాసేపూ మా లంకలోని ప్రాథమిక బడి గురించి చెబుతామండి.

మాది కోనసీమలో గోదావరి పాయల నడుమ ఉన్న చిన్న లంక. కొబ్బరి, అరటి, కూరగాయలు మా బతుకుతెరువు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ కలిపినా బడిలో పిల్లలు పాతిక మంది లోపే. టీచరు గారు రోజూ పడవ మీద రేవు దాటి వస్తారు.

బడి బాగా నడుస్తోందా అని చూడటానికి మొదట్లో మాకు తెలిసినవి మూడే: తలుపు తీశారా, అన్నం పెట్టారా, గుడ్డు ఇచ్చారా. వంట చేసేది మా సభ్యులే. ఇప్పుడు బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మన లంకల గన్నవరం ఇల్లాలే కదా అని మాకు గర్వం కూడాను. కానీ తిన్న పిల్లకి అక్షరం వచ్చిందా అని మాత్రం మేం అడగలేదు.

2022 జూలైలో పెద్ద వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు తీశాక బడిలో ఒండ్రు ఎత్తిపోశాం, బల్లలు కడిగాం, తలుపులు తెరిచాం. మా పని అయిపోయిందనుకున్నాం. తర్వాత సంఘం మీటింగులో మూడో తరగతి పాపను పిలిచి తీర్మానం చదవమన్నాం. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రెండో వరుసలోనే ఆగిపోయింది. వాళ్లమ్మ తల దించేసుకుంది. ఆ పూట మేమందరం తల దించుకోవాల్సిందే.

ఆ ఏడాదే 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న హైస్కూళ్లకు పంపే విధానం వచ్చింది. మ్యాపులో చూస్తే అవతలి ఒడ్డు మాకు దగ్గరే. మధ్యలో ఉన్నది గోదావరి. అప్పటికే రెండు కుటుంబాలు పిల్లలను అవతలి ప్రైవేటు బడిలో వేశాయి. ఇంకో నలుగురు వెళ్తే మా బడి నిలవదని తెలిసి టీచరు గారితో కూర్చుని మాట్లాడాం.

మొదటి పని చదివించడం. వారానికోసారి సంఘం మీటింగులో ప్రతి పిల్లా ఒక పేజీ చదివి వినిపించాలి. మాలో చాలామందికి చదువు రాదు. అయినా వినడానికి చదువు అక్కర్లేదండి, పిల్ల ఎక్కడ తడబడిందో చెవికి తెలిసిపోతుంది.

రెండోది లెక్కలు. అరటి గెలకు ఎన్ని అత్తాలు, అత్తానికి ఎన్ని కాయలు అని గుణకారం చేయించారు టీచరు గారు. రేవులో అడుగులు, అంగుళాలు గీసిన కర్ర పాతారు. పెద్ద పిల్లలు నీటిమట్టం రోజూ రాసుకుంటారు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. రెండో హెచ్చరిక వచ్చిందంటే మూడోదానికి ఇంకా ఎన్ని అడుగులో పిల్లలే తీసివేసి చెబుతారు. అక్కడ ఎంత ఉంటే మా రేవులో ఏ మెట్టు మునుగుతుందో వాళ్ల పుస్తకంలో ఉంది. పశువులను గట్టు మీదికి ఎప్పుడు తోలాలో ఇప్పుడు ఆ పుస్తకం చూసి కూడా ఆలోచిస్తున్నాం.

మూడోది, వరదలో చదువు ఆగకుండా చూడటం. నీళ్లు చొరబడని ప్లాస్టిక్ డబ్బా సంఘం డబ్బుతో కొన్నాం. ఎర్రనీరు రాగానే కథల పుస్తకాలు అందులో పెడతాం. పునరావాస కేంద్రానికి బియ్యంతో పాటు ఆ డబ్బా కూడా వస్తుంది.

ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి. పోయిన నెల తీర్మానం ఆగకుండా చదివింది. అందరూ అలా అయ్యారని చెప్పం. ఇద్దరు పిల్లలు అమ్మానాన్నలతో పనులకు వలస వెళ్లి వస్తుంటారు, వాళ్లకు ఇంకా గుణింతాలే రాలేదు. పడవ కట్టేసిన రోజు బడీ లేదు. అవతలికి వెళ్లిన రెండు కుటుంబాల్లో ఒకటే తిరిగొచ్చింది.

మూడో తరగతి ముగిసేసరికి పిల్లలు అర్థం చేసుకుంటూ చదవాలి, చిన్న లెక్కలు చెయ్యాలి అని 2021లో మొదలైన నిపుణ్ భారత్ చెబుతోంది. అది టీచర్ల పని మాత్రమే అనుకోవద్దు. అందుకే సమాఖ్యను మూడు కోరుతున్నాం. ప్రతి గ్రామైక్య సంఘం నెలవారీ ఎజెండాలో పిల్లల చదువు ఒక అంశంగా పెట్టాలి. బడి పిల్లలు ఎక్కే ప్రతి పడవలో వాళ్ల సైజు లైఫ్ జాకెట్లు ఉండేలా సమాఖ్య అధికారులను అడగాలి. వలస వెళ్లే తల్లుల పిల్లలను ఊళ్లో ఎవరింట్లో ఉంచి చదివించగలమో వానలకు ముందే తేల్చాలి.

అప్పు వాయిదా ఒక్కటి తప్పితే మనం ఆ ఇంటికి వెళ్లి అడుగుతాం. పిల్ల వారం రోజులు బడికి రాకపోయినా అలాగే వెళ్లి అడుగుదాం. ఈ తీర్మానాన్ని బలపరచమని వేడుకుంటూ, సెలవు.