చేపల మేతలో ఎంజైమ్: డబ్బా మీద అంకె, చెరువులో లెక్క

(చేపల రైతుల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



చేపల సాగులో మన పెట్టుబడి సగానికి పైగా మేతకే పోతోంది. అందుకే మేత ఖర్చు తగ్గుతుందని ఎవరన్నా అంటే ఆగి వింటాం. ఇప్పుడు ఆ మాట ఎంజైమ్ డబ్బాల మీద రాసి ఉంటోంది. డీఓబీ, చెక్క బస్తాలతో పాటు ఆ డబ్బా కూడా ఖాతాలో రాసుకుని ఇస్తున్నారు. పట్టుబడి అయ్యాక ఆ బాకీ తీర్చేది మనమే కాబట్టి, అది ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో తెలుసుకుని కొనాలి.

ఎంజైమ్ రోగానికి మందు కాదు, బలానికి టానిక్కూ కాదు. మేతలో ఉండి కూడా చేపకు అందని పోషకాన్ని విడదీసి ఇచ్చేది. తాళంచెవి అనుకోండి. పెట్టెలో సొమ్ము ఉంటేనే తాళంచెవితో పని.

మన మేతలో ఆ పెట్టె ఏది? తవుడు, డీఓబీ, వేరుశనగ చెక్క, పత్తి చెక్క, సోయా, ఇవన్నీ మొక్కల సరుకే. తవుడులో భాస్వరం బాగానే ఉంటుంది. కానీ అందులో మూడింట రెండు వంతులకు పైగా ఫైటేట్ అనే రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడదీసే శక్తి చేప పేగుకు లేదు. ఆ భాస్వరం పెంటలో కలిసి చెరువులోకే పోతుంది. నీరు ముదురు పచ్చగా మారడానికి, మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడానికి అదీ ఒక కారణం. ఫైటేట్‌ను విడదీసే ఎంజైమ్ పేరు ఫైటేజ్. తవుడు పీచును కరిగించడానికి జైలానేజ్, సెల్యులేజ్ ఉన్నాయి. మాంసకృత్తులు అరగడానికి ప్రోటియేజ్ ఉంది. ఇందులో మోసం లేదు, శాస్త్రం ఉంది. చిక్కంతా దాన్ని వాడే చోటే.

మొదటి చిక్కు చేప పొట్ట. ఫైటేజ్ బలాన్ని ఎఫ్‌టీయూ అనే యూనిట్లలో రాస్తారు. ఆ యూనిట్‌ను కొలిచేది పీహెచ్ 5.5 దగ్గర, 37 డిగ్రీల వేడిలో. మన శీలావతికి, బొచ్చెకు జీర్ణాశయమే లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. అక్కడ పులుపు ఉండదు, పీహెచ్ 7కు అటూ ఇటూ ఉంటుంది. చేప ఒంటి వేడి చెరువు నీటి వేడే. చలికాలంలో అది ఇంకా తక్కువ. కాబట్టి డబ్బా మీద అంకె ఎంత పెద్దదైనా శీలావతి పేగులో అంత పని జరగదు. ఫంగాసియస్‌కు జీర్ణాశయం ఉంది, అందులో పులుపూ ఉంది, ఫైటేజ్‌కు అక్కడ వీలు ఎక్కువ. పులుపు లేని చోట పనిచేసే రకాలు కూడా ఉన్నాయి. "ఇది ఏ పీహెచ్‌లో పనిచేస్తుంది?" అని అడగండి. జవాబు చెప్పలేని చోట కొనకండి.

రెండో చిక్కు నీళ్లు. మనం డీఓబీని చిల్లుల సంచుల్లో పోసి చెరువులో వేలాడదీస్తాం. చేపలు వచ్చి ఆ చిల్లుల దగ్గర లాక్కుని తింటాయి. ఎంజైమ్ నీటిలో కరిగిపోయే సరుకు. పొడి డీఓబీలో కలిపి సంచి ముంచితే చేప నోటికి అందకముందే చాలావరకు కరిగి నీటిపాలవుతుంది. ముందే డీఓబీని తడిపి కొన్ని గంటలు ఉంచితే గట్టు మీదే ఎంజైమ్ కొంత పని చేస్తుంది. అయితే రోజుకు బస్తాల కొద్దీ మేత వేసే చెరువుకు అది తేలిక కాదు. మన ఎండకు తడిసిన తవుడు త్వరగా పులుస్తుంది, బూజు పడుతుంది.

మూడో చిక్కు వేడి. గుళికల మేత తయారీలో ఆవిరి వేడి 80 డిగ్రీలు దాటుతుంది. తేలే మేతకు ఇంకా ఎక్కువ. ఆ వేడికి మామూలు ఎంజైమ్ చాలావరకు చచ్చిపోతుంది. అందుకే గుళిక చల్లారాక నూనెతో పాటు పైన పిచికారీ చేయాలి, లేదా వేడిని తట్టుకునేలా చేసిన రకం వాడాలి. కంపెనీ ఏ పద్ధతి పాటించిందో బస్తా మీద చెప్పాలి.

ఇక డబ్బుల లెక్క. లెక్క కోసం టన్ను మేత 40,000 రూపాయలు, కిలో చేప పెరగడానికి 1.6 కిలోల మేత అనుకుందాం. కిలో చేపకు మేత ఖర్చు 64 రూపాయలు. ఎంజైమ్‌తో టన్నుకు 1,000 రూపాయలు పెరిగితే మేత 1.56 కిలోలకు తగ్గినప్పుడే పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. అంతకంటే తగ్గితేనే లాభం. 1.5కు తగ్గితే పది టన్నుల చేపకు 25,000 రూపాయలు మిగులుతాయి. తగ్గకపోతే 16,000 రూపాయలు మన జేబులోంచే పోతాయి. కౌలు రైతుకు అది చిన్న మొత్తం కాదు.

కాబట్టి మాట మీద కాకుండా తూకం మీద తేల్చుకోండి. ఒకే లోతు, ఒకే నీటి వసతి ఉన్న రెండు చెరువులు తీసుకుని, ఒకే బ్యాచ్ పిల్లను ఎకరాకు ఒకే లెక్కన వేయండి. ఒకదానికి ఎంజైమ్ మేత, రెండోదానికి మామూలు మేత. పదిహేను రోజులకోసారి వలేసి తూకం చూసి, వేసిన ప్రతి బస్తా పుస్తకంలో రాయండి. ఒక రైతుకు రెండు చెరువులు లేకపోతే ఇద్దరు కలిసి చేయండి. పరిశోధనలు ఎక్కువగా తొట్లలో జరుగుతాయి, అక్కడ చేపకు మేత తప్ప వేరే తిండి ఉండదు. మన చెరువులో నాచు, సూక్ష్మజీవులు కూడా చేప తిండే. అందుకే అక్కడి ఫలితం ఇక్కడ అచ్చంగా రావాలని లేదు.

ఇంకో మాట. ముక్కిపోయిన తవుడును, బూజు విషం ఉన్న చెక్కను, పత్తి చెక్కలోని గాసిపాల్‌ను ఈ ఎంజైమ్‌లు బాగు చేయవు. ముందు మంచి సరుకు, తర్వాతే ఎంజైమ్.

చివరిగా సంఘంగా మనం అడగాల్సింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో చేపల మేత నాణ్యత నియంత్రణ చట్టం వచ్చింది. నాణ్యత అంటే మాంసకృత్తులు, కొవ్వు శాతాలు మాత్రమే కాదు. ఎంజైమ్ ఉందని అమ్మే ప్రతి బస్తా మీద, డబ్బా మీద దాని పేరు, బలం యూనిట్లు, పనిచేసే పీహెచ్, గడువు తేదీ తెలుగులో ఉండాలి. రైతు నమూనా ఇస్తే ఎంజైమ్ బలం పరీక్షించి చెప్పే ల్యాబ్ మన దగ్గరలో ఉండాలి. శాస్త్రవేత్తల పరీక్షలు తొట్లతో ఆగకుండా మన చెరువుల్లో, మన సంచి మేతతో జరగాలి. ఫైటేజ్ వాడిన కంపెనీకి మేతలో కలిపే డీసీపీ ఖర్చు తగ్గుతుంది. తగ్గిన ఖర్చులో రైతు వాటా బస్తా ధరలో కనపడాలి.

వచ్చే నెల సమావేశానికి మీ మేత పుస్తకాలు, తూకం లెక్కలు పట్టుకురండి. పది చెరువుల లెక్కలు ఒకచోట పెడితే కంపెనీ ముందైనా, అధికారి ముందైనా మనం ధైర్యంగా మాట్లాడగలం.