ఆకేరు ఒడ్డున ధ్రువాల ప్రస్తావన

దాశరథి సోదరులు పుట్టిన చిన్నగూడూరు మన మరిపెడకు పక్కనే. అలాంటి గడ్డ మీద జరిగే సాహిత్య సభలో అధ్యక్షుడు కవిత్వం గురించి మాట్లాడతాడని మీరు అనుకుని ఉంటారు. నేను ఈ పూట ధ్రువాల మంచు గురించి మాట్లాడదలచుకున్నాను. మరిపెడలో ఆ మాట ఎత్తవలసిన అవసరం 2024 పుబ్బ కార్తె మొదట్లోనే వచ్చింది.

ఆగస్టు 31 రాత్రి సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. మన జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క రోజులో నలభై సెంటీమీటర్లకు పైగా వాన పడింది. పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు వంతెన మీదుగా పారింది. సీతారాం తండాలో జనం ప్రాణాలు దక్కించుకోవడానికి డాబాలెక్కారు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలుకట్ట కంకరంతా కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఢిల్లీకీ చెన్నైకీ పోయే రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నీళ్లు తీసిన తర్వాత కనబడిందే ఇంకా బాధ: వరి మడుల మీద ఇసుక మేటలు. పూత మీద, కాయ మీద ఉన్న పత్తి జాలు పట్టి ఎర్రబారింది. మేట తీయించడానికయ్యే ఖర్చు ఎంతో, ఆ ఏడు పంట మీద ఎంత వస్తుందో ఈ సభలో కూర్చున్న రైతుకు నాకన్నా బాగా తెలుసు.

ఆ నీళ్లు ఇక్కడితో ఆగలేదు. ఆకేరు పోయి మున్నేరులో కలిసింది, మున్నేరు ఖమ్మాన్ని ముంచి కృష్ణలో కలిసింది. సెప్టెంబరు 2న విజయవాడ ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కుల వరద నమోదైంది. బ్యారేజీ కట్టాక అంత వరద ఎన్నడూ చూడలేదు. మన వాగు నీళ్లూ అందులో ఉన్నాయి.

మరి ధ్రువాల మంచు కరగడం వల్లే ఆకేరు పొంగిందా? అలా అనను. అలా అనేవాళ్లను నమ్మవద్దని కూడా చెబుతాను. ఆ రాత్రి వాన కురిపించింది బంగాళాఖాతంలో పుట్టి కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం. వాయుగుండాలు మన తాతల నాడూ ఉన్నాయి. అయితే గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. సముద్రం వేడెక్కితే ఆ తేమకు కొదవ ఉండదు. పాత వాయుగుండమే కొత్త బరువుతో వస్తుంది. అక్కడ మంచును కరిగిస్తున్నదీ ఇక్కడ మబ్బుకు బరువు పెంచుతున్నదీ ఒకటే వేడి. ముందుగా ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

దీనికి మించిన ముడి ఇంకొకటి ఉంది. ఉత్తర ధ్రువ సముద్రం మీద మంచు ప్రతి సెప్టెంబరులో బాగా తగ్గి, చలికాలంలో మళ్లీ పెరుగుతుంది. 1980 ప్రాంతంలో సెప్టెంబరు నాటికి కూడా సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్ల మంచు మిగిలేది. 2012లో 34 లక్షలకు పడిపోయింది. ఎండాకాలంలో మన డాబాల మీద సున్నం ఎందుకు కొడతామో ఆ మంచు చేసే పనీ అదే. మీద పడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని తిప్పి పంపుతుంది. అది పోయిన చోట నల్లని నీరు బయటపడి ఎండనంతా మింగుతుంది, ఇంకా మంచు కరుగుతుంది. అందుకే ఆ ప్రాంతం గత నాలుగు దశాబ్దాలలో ప్రపంచ సగటుకు దాదాపు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కింది.

గోవాలో మన జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు 2021లో ఒక పరిశోధన ప్రచురించారు. రష్యాకు ఉత్తరాన కారా సముద్రంలో వేసవి మంచు బాగా తగ్గిన ఏళ్లలో, పైగాలి ప్రవాహాలలో ఒక అల పుట్టి వాయవ్య ఐరోపా మీదుగా ఆసియా దాకా వస్తున్నదనీ, దానికి వేడెక్కిన అరేబియా సముద్రం తేమ తోడైతే మధ్య భారతంలో రుతుపవనాల చివరి రోజుల్లో, ముఖ్యంగా సెప్టెంబరులో, కుండపోత వానలు పెరుగుతున్నాయనీ వాళ్లు చూపారు. సంబంధం ఉండవచ్చునని మాత్రమే అన్నారు, తీర్పు చెప్పలేదు. ధ్రువాల వేడికీ దూరదేశాల వాతావరణానికీ ముడి ఎంత గట్టిదన్న దాని మీద శాస్త్రజ్ఞుల్లో ఇప్పటికీ వాదం నడుస్తూనే ఉంది. ఆ వాదాన్ని నేను గౌరవిస్తాను. కానీ సెప్టెంబరు అన్న మాట దగ్గర మన రైతు చెవి రిక్కించాలి. సెప్టెంబరంటే మనకు పుబ్బ, ఉత్తర కార్తెలు. మఖ, పుబ్బలు ఎండితే కరువు తప్పదని మన పెద్దల సామెత. ఆ కార్తెలలో వాన లేకపోతేనే వాళ్లకు భయం. ఇప్పుడు అదే కార్తెలో వాన వస్తుందంటే గుండె గుబేలుమంటోంది. మిరప నారు నాటే రోజులవి, పత్తి కాయ పట్టే రోజులవి. పంటల లెక్క అంతా ఆ సామెతల మీద కట్టుకున్న మనం ఏ నమ్మకంతో అదను చూసుకోవాలి?

ఇప్పుడు మిమ్మల్ని ఇల్లెందు తీసుకువెళతాను. ఇక్కడికి ఎంతో దూరం కాదు. 1889లో అక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది, సింగరేణి కథకు అదే ఆరంభం. గోదావరి లోయలో ఆ బొగ్గు పొరల అడుగున భూగర్భ శాస్త్రజ్ఞులకు గుండ్రాళ్లూ బంకమన్నూ కలగలిసిన ఒక పొర కనిపిస్తుంది. దాన్ని మోసుకొచ్చి పడేసింది హిమానీనదం. దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందట ఈ నేల అంటార్కిటికాతో కలిసి దక్షిణాన ఒకే ఖండంగా ఉండేది, దీని మీద మంచు పారేది. ఆ మంచు కరిగాక చిత్తడి నేలల్లో పెరిగిన అడవులే మన బొగ్గు. గ్లోసాప్టెరిస్ అనే చెట్టు ఆకుల అచ్చులు మన బొగ్గు రాళ్లలో దొరుకుతాయి. 1912లో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ చనిపోయిన కెప్టెన్ స్కాట్ బృందం చివరి దాకా వదలకుండా మోసిన రాళ్లలోనూ అదే ఆకు ఉంది. ఆకలితో, చలితో కూలిపోతున్న మనుషులు సుమారు 16 కిలోల రాళ్లను బండి మీద నుంచి దించలేదు. జ్ఞానం పట్ల అంత నిబద్ధత తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆ బొగ్గే మనకు కరెంటు ఇచ్చింది, బోరు మోటార్లు నడిపింది, వేల కుటుంబాలకు అన్నం పెట్టింది. సింగరేణి కార్మికుణ్ణి నేను ఒక్క మాట అనను. కాని కోట్ల ఏళ్లుగా నేలలో దాగిన కర్బనాన్ని ప్రపంచమంతా కలిసి రెండు శతాబ్దాలలో గాలిలోకి వదిలింది. ఇందులో వాటాలు సమానం కావు. భారతీయుడి తలసరి కర్బన ఉద్గారం నేటికీ ప్రపంచ సగటులో సగం కన్నా తక్కువే. ఇక లంబాడా తండాలో ఒక బల్బు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లు ధ్రువాల మంచుకు చేసిన చెరుపు ఏపాటిది? ఇది అన్యాయమని గట్టిగా అనాలి. ఆ మాట ప్రపంచ సభల్లో మన దేశం అనాలి, ఇక్కడ రచయితలు అనాలి.

సముద్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. నీళ్ల మీద తేలే మంచు కరిగితే సముద్ర మట్టం దాదాపు పెరగదు. నేల మీది మంచు కరిగితేనే పెరుగుతుంది. ఒక్క గ్రీన్‌లాండ్ నుంచే ఏటా దాదాపు 27 వేల కోట్ల టన్నుల మంచు పోతోంది. కాకినాడ పక్కన ఉప్పాడలో ఏటా ఇళ్లు, రోడ్డు కోసుకుపోవడానికి తీరంలోని ఇతర మార్పులూ కారణమే అయినా, పెరిగే సముద్రం ఆ కోతకు తోడవుతుంది. కృష్ణా డెల్టాలో మురుగు దిగక పొలాలు నిలవ నీటిలో మగ్గడానికీ దానికీ సంబంధం ఉంది. సముద్రం ఎత్తుగా ఉంటే మన ఆకేరు నీరు దిగువన అంత ఆలస్యంగా దిగుతుంది. ఎగువవాళ్లం, దిగువవాళ్లం అన్న పంచాయితీ ఇక్కడ పనికిరాదు.

చివరిగా రచయితలకు, ఉపాధ్యాయులకు ఒక మాట. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం కట్టారు. మున్నేరు పుట్టేది ఆ పాకాల నుంచే. గొలుసుకట్టు చెరువులు మిగులు నీటిని ఒకదాని నుంచి ఒకదానికి అందించుకునేవి. అలుగులు పూడి, శిఖం భూములు ఆక్రమణకు గురై, వాగు గర్భంలోనే కట్టడాలు లేచాక ఎక్కువ వాన పడితే ఏమవుతుందో 2024లో తెలిసింది. మంచును మనం ఆపలేం. అలుగును కాపాడుకోగలం.

ఈ మండలంలో ప్రతి బడిలో ఒక వర్షమాపకం పెట్టండి, పిల్లలతో రోజూ కొలిపించి గోడ మీద రాయించండి. సీతారాం తండా, పురుషోత్తమాయగూడెం లాంటి చోట్ల నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గుర్తున్నవాళ్లు ఉండగానే గోడల మీద రంగుతో గీత గీయించండి, పక్కన తేదీ వేయించండి. ఆ రాత్రి అనుభవాలను లంబాడీలో చెబితే లంబాడీలోనే, తెలుగులో చెబితే తెలుగులోనే రికార్డు చేయండి. కొత్త ఇల్లు కట్టేవాడు ఆ గీత చూసి పునాది ఎత్తు నిర్ణయించుకోవాలి. ఈ పని వచ్చే పుబ్బ కార్తెలోగా మొదలు కావాలని ఈ వేదిక మీది నుంచి మీ అందరినీ కోరుతున్నాను.