ఒక్క ఫోను, నలభై మంది పిల్లలు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిలో ఉచితంగా దొరికే డిజిటల్ సాధనాలతో పిల్లలకు వ్రాత నేర్పటం, వాళ్ల చదువును పరీక్షించటం గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని కోరినారు. మేము ఉర్దూ మీడియం బడి పంతుళ్లం. ఈ యంత్రాల విషయంలో పండితులం కాము. గత కొన్నేళ్లుగా వాడి చూచినవి, వాడి చెడగొట్టుకున్నవి, అవే చెప్పగలం.

ముందుగా మేము చేసిన తప్పు ఒకటి చెప్పుకుంటాము. 2021లో కరోనా వలన బడులు మూసి ఉన్న రోజుల్లో గూగుల్ ఫారం మీద ఇరవై ప్రశ్నల పరీక్ష పెట్టినాము. దానికి పైసా ఖర్చు లేదు. సరైన జవాబులు ముందుగా గుర్తు పెట్టి ఉంచితే మార్కులు అదే వేస్తుంది. రాత్రికి చూస్తే ఒక అమ్మాయికి ఇరవైకి ఇరవై, ఇంకొక అమ్మాయికి సున్నా. మేము ఒకరిని మెచ్చుకుని, ఇంకొకరిని మందలించినాము. బడి తెరిచాక అసలు సంగతి బయటపడింది. ఇరవై వచ్చిన పిల్ల ఆ రోజు ఫోను ముట్టనే లేదు, అంతా భయ్యా నింపినాడు. సున్నా వచ్చిన పిల్ల అబ్బా బెంగుళూరులో సెంట్రింగు పనికి పోయినాడు. ఇంటికున్న ఒక్క ఫోను ఆయన జేబులో ఉంది. ఆ పిల్లకు మేము క్షమాపణ చెప్పవలసి వచ్చింది.

మన అనంతపురం సంగతి మీకు కొత్తగా చెప్పాలా? సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడవలసినప్పుడు పడదు. వేరుశనగ ఎండితే మనిషి బెంగుళూరు బస్సు ఎక్కుతాడు, మనిషితో పాటు ఫోను ఎక్కుతుంది. ప్రతి పిల్లకూ చేతిలో ఫోను ఉంటుందనుకుని తయారు చేసిన పరీక్ష మన దగ్గర పిల్ల చదువును కొలవదు, అబ్బా ఏ ఊళ్లో ఉన్నాడో కొలుస్తుంది.

అప్పటి నుండి మేము ఒక్క ఫోనుతో నడిచే పద్ధతి కోసం వెదికినాము. ప్లికర్స్ అని ఒకటి దొరికింది. ఇందులో పిల్లలకు ఫోను అక్కరలేదు. ఒక్కొక్కరికి ఒక అట్టముక్క ఇస్తాము. దాని మీద నల్లటి గడుల బొమ్మ ఉంటుంది, నాలుగు వైపులా ఏ, బి, సి, డి అని సన్నని అక్షరాలు ఉంటవి. తనకు తోచిన జవాబు అక్షరం పైకి వచ్చేటట్టు పిల్ల అట్టను తిప్పి పట్టుకుంటుంది. పంతులు తన ఫోను కెమెరాను తరగతి మీదుగా అటునుంచి ఇటు తిప్పితే ఎవరు ఏ జవాబు చెప్పినారో లెక్క వచ్చేస్తుంది. ఒక్కొక్క అట్ట బొమ్మ ఒక్కొక్క తీరు గనుక పక్కవాని అట్ట చూచి కాపీ కొట్టటం కుదరదు. అట్టలను ఉచితంగా దించుకుని అచ్చు తీసుకోవచ్చు. మేము పెళ్లి పత్రికల అట్ట వెనుక అంటించినాము, రెండేళ్లు ఆగినవి.

దానితో ఏం తెలిసిందంటే, ఉర్దూలో ‘జ’ లాంటి ధ్వనికి నాలుగు అక్షరాలు ఉన్నవి కదా. జమీన్‌కు జే, జిక్ర్‌కు జాల్, జరూర్‌కు జాద్, నజర్‌కు జోయ్. మన పిల్లలు ఇంట్లో మాట్లాడేది దక్కనీ. చెవికి నాలుగూ ఒకటే. నోటితో అడిగితే తరగతంతా ‘జీ ఉస్తాద్, సమజ్ హువా’ అంటుంది. అట్టలు పైకెత్తమంటే సగం తరగతి జాద్‌కూ జోయ్‌కూ తేడా తెలియక ఉన్నది! పదిహేనేళ్లుగా మేము ఆ ‘సమజ్ హువా’నే నమ్ముకుని ముందుకు పోతూ వచ్చినాము.

ఇక వ్రాత. మన పిల్లలు తఖ్తీ మీద, నోటుబుక్కులో నేర్చేది నస్తాలీఖ్. ఫోనులో చాలాచోట్ల కనబడేది అరబ్బీ తరహా నస్ఖ్. చిన్నపిల్ల దాన్ని చూచి ‘ఇది మన ఉర్దూ కాదు’ అంటుంది, ఆ పిల్ల తప్పు కాదు. ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబుల చేతివ్రాతతోనే అచ్చైనవి. మన పక్కనున్న చెన్నైలో 1927లో మొదలైన ‘ది ముసల్మాన్’ దశాబ్దాల తరబడి చేతివ్రాతతోనే నడిచింది. 1981లో లాహోరులో జంగ్ పత్రిక కంప్యూటరు నస్తాలీఖ్‌కు మారింది. ఇప్పుడు ఆ బాధ లేదు. 2014లో గూగుల్ ఇచ్చిన నోటో నస్తాలీఖ్ ఉర్దూ అనే ఖతి ఉచితం. దానితో అచ్చు తీసిన ప్రశ్నపత్రం చూచి మా పిల్లలు సంతోషించినారు.

మాట చెబితే వ్రాసిపెట్టే సదుపాయం 2017లో తెలుగుతో పాటు ఉర్దూకూ వచ్చింది. మేమూ ఉత్సాహపడినాము. కాని ఒక పిల్ల దక్కనీలో ‘నక్కో’ అంటే ఫోను ఇంకేదో వ్రాసింది, ‘కలమ్’ను మన వాడుకలో ‘ఖలమ్’ అంటే తికమకపడింది. సరిగా విన్నప్పుడు ఇంకొక చిక్కు. అక్షరదోషాలు లేకుండా అదే వ్రాసిపెడుతుంది గనుక పిల్లకు ఇమ్లా వచ్చిందో లేదో మాకు తెలియదు. వ్రాయటానికి భయపడే పిల్ల నోట నాలుగు మాటలు రాబట్టటానికి అది మంచిదే. పరీక్షకు మాత్రం పనికిరాదు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన తరువాత ఇంటిపనిలో లక్నో నవాబుల ఉర్దూ కనబడుతున్నది. అందుకని వ్యాసం తరగతిలోనే, మా ఎదుటనే వ్రాయిస్తున్నాము.

మా అనుభవంలో అన్నిటికన్నా మేలైనది అన్నిటికన్నా తేలికైనది. పిల్ల కాగితం మీద చేత్తో వ్రాస్తుంది. మేము ఆ పేజీకి ఫోటో తీసి, గూగుల్ డ్రైవ్‌లో ఆ పిల్ల పేరిట ఒక అర పెట్టి, తేదీ వేసి దాస్తాము. 15 జీబీ వరకు ఉచితం, ఒక తరగతి పేజీలకు అది ఎంతో ఎక్కువ. జూన్ పేజీనీ ఫిబ్రవరి పేజీనీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రోగ్రెస్ కార్డులో లేనిది కనబడుతుంది. ఏడో తరగతి పిల్ల ఒకతె జూన్‌లో మూడు వరుసలు వ్రాసింది. ఫిబ్రవరిలో పేజీన్నర వ్రాసింది. అబ్బా వేయించిన బోరులో నీళ్లు పడని రాత్రి ఇంట్లో ఎవరూ పొయ్యి వెలిగించలేదని అందులో ఉంది. తప్పులు ఏడు ఉన్నవి. యంత్రమైతే ఏడు తప్పులే చెబుతుంది. మేము చదివి కొంచెంసేపు ఊరకున్నాము. అట్టల లెక్కలు ఫోనుకు అప్పగించబట్టే ఆ పేజీ చదివే తీరిక మాకు దొరికింది.

పేజీల ఫోటోలు మేము వాట్సాప్ గ్రూపుల్లో పెట్టము. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం పదునెనిమిదేళ్ల లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల ఒప్పుదల ఉండాలి. చట్టం లేకపోయినా, ఇంట్లో పొయ్యి వెలగని సంగతి ఊరందరికీ చూపేది కాదు.

సంఘం తరఫున పిల్లలకు ట్యాబులు కొనాలని కొందరు పెద్దలు ముచ్చటపడుతున్నారు. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది, వాటి అనుభవం మీ ఇళ్లలోనే ఉన్నది. మేము అడిగేది అంత పెద్దది కాదు. సంఘం గదిని అసర్‌కూ మగ్రిబ్‌కూ మధ్య తెరిచి ఉంచండి. అక్కడ రెండు ఫోన్లు ఉంచండి. చదువుకున్న ఆపా ఎవరైనా వచ్చి కూర్చుంటే ఆడపిల్లలను అమ్మీలు నిశ్చింతగా పంపుతారు. ఇంట్లో ఫోను ఎటూ భయ్యాదే కదా, ఇక్కడైనా వాళ్ల వంతు రానివ్వండి.

ఇళ్లలో వాడని పాత ఫోన్లు ఉంటే ఇవ్వండి, కెమెరా పనిచేస్తే చాలు. దయచేసి చార్జరుతో సహా ఇవ్వండి. చార్జరు లేకుండా వచ్చినవి మా బీరువాలో ఇప్పటికే మూడు ఉన్నవి.