చీటీలో వచ్చిన పాట



2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌన్ మొదలైనపుడు మన తంజావూరులో అంగళ్ళు మూతపడినవి. ఆదివారపు తెలుగు తరగతియు నిలిచిపోయినది. అప్పుడు మేము తెలుగు పాటల పేర్లు చీటీలపై వ్రాసి కుండలో వేసి, దినమునకొక చీటీ తీసి, ఆ పాటను వాట్సాప్‌లో ఇంటింటికి పంపితిమి. ఒకనాడు త్యాగరాజ కీర్తన, మరునాడు ఘంటసాల పాట, ఇంకొకనాడు దంపుళ్ళ పాట. ఎంపిక చీటీది గనుక పెద్దల పాటయా, పిన్నల పాటయా అను తగవే లేకపోయెను.

బడిలో తమిళమే చదువుకొనుచున్న మన పిల్లలు తెలియని మాటలకు అర్థమడిగిరి, అవ్వలు చెప్పిరి. మేము ఆశించిన లాభమదియే.

చెంతనున్న తిరువయ్యారులో త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందిరి. వారి కీర్తనలు పాడువారు నేటికిని కలరు; అర్థమెరిగినవారే మన యిండ్లలో తగ్గుచున్నారు. బడిలో తెలుగు కొరకు ప్రభుత్వమునకు మహజరు పంపవచ్చును. ఇంటిలో తెలుగు కొరకు ఎవరికి పంపుదుము? కావున ప్రతి యింట దినమునకొక పాట వినిపించి, పిల్లలకు అర్థము చెప్పుడని ప్రార్థించుచున్నాము.