సంఘం కంప్యూటరులో మిగిలిపోయే ఆనవాళ్లు

(అనకాపల్లిలో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం పాలు పోసిన క్యానును కడగకుండా సాయంత్రం పాలకు వాడే కార్యదర్శి మనలో లేరు. కాని సంఘం గదిలోని కంప్యూటరును రోజంతా ఒకరి తర్వాత ఒకరు వాడుతున్నాము. నడుమ కడగడమన్నది లేదు. ఈ పూట నేను మనవి చేయదలచినది దాన్ని గురించే.

ఈ ప్రాంతంలోని ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాను. ఊరి పేరు అక్కరలేదు. పాల డబ్బు పడిందో లేదో చూసుకొనడానికి ఒక సభ్యురాలు వచ్చారు. కార్యదర్శిగారు ఆమె బ్యాంకు ఖాతా లెక్క దింపి చూపించారు. బంగారం కుదువబెట్టి తీసుకున్న అప్పు వివరం కూడా అందులోనే ఉంది. ఆమె చూసుకొని వెళ్లిపోయారు, కాగితం కంప్యూటరులోనే ఉండిపోయింది. తర్వాత అడంగల్ తీయించుకొనడానికి వచ్చినతని కంట అది పడింది. చీకటి పడేసరికి ఊరంతా తెలిసింది. అప్పటికి ఆమె కూతురి సంబంధం మాటల్లో ఉంది. మరునాటి నుంచి ఆమె పాలు ప్రైవేటు కేంద్రానికి పోయసాగారు. కార్యదర్శిగారి తప్పు దురుద్దేశంతో చేసినది కాదు. అయినా సంఘం ఒక సభ్యురాలిని పోగొట్టుకుంది.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. ఆధార్‌ను ప్రశ్నిస్తూ విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చింది. ఆ హక్కు ఆ సభ్యురాలికీ ఉన్నది.

ఇంటర్నెట్ చూసే బ్రౌజరు, మనం ఏయే పేజీలు తెరిచామో హిస్టరీగా రాసిపెట్టుకుంటుంది. మనల్ని గుర్తుపట్టడానికి వెబ్‌సైట్లు కుకీలనే చిన్న చీటీలను వదులుతాయి. పేజీలు త్వరగా రావాలని బొమ్మలను దాస్తుంది. ఒకసారి కొట్టిన ఫోను నంబరును రెండోసారి తానే అందిస్తుంది. ఇవన్నీ మన సౌకర్యానికి పెట్టినవే. ఒక్కరే వాడే కంప్యూటరులో మంచివే. పదిమంది వాడేచోట మాత్రం చేటు.

పని కాగానే ముందు లాగౌట్ చేయండి. పేజీ మూసినంత మాత్రాన లాగౌట్ అయినట్లు కాదు. పిమ్మట కంట్రోల్, షిఫ్ట్, డిలీట్ మీటలు మూడూ కలిపి నొక్కితే తుడిచే పెట్టె తెరుచుకుంటుంది. ఎంతకాలం నాటివి తుడవాలో అడిగేచోట చాలామంది పొరబడుతున్నారు. అక్కడ కొద్ది సమయమే ఉంటే, మొత్తం కాలం అని మార్చి, హిస్టరీ, కుకీలు, క్యాష్ మూడూ తుడవండి. దింపిన ఫైలును వేరుగా తీసివేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. పాస్‌వర్డు దాచమంటారా అని బ్రౌజరు అడిగితే వద్దనండి. ఇదివరకే దాచినవి సెట్టింగులలో ఉంటాయి, వెదికి తీసివేయండి. సభ్యుల పనికి ప్రైవేటు విండో తెరవడం ఇంకా సుళువు. అది మూయగానే హిస్టరీ, కుకీలు నిలవవు. దింపిన ఫైళ్లు మాత్రం అందులోనూ మిగులుతాయి సుమా.

తుడిచినందువల్ల బ్యాంకు వద్ద, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ వద్ద ఉన్న జాడ పోదు. గూగుల్ ఖాతాతో లాగిన్ అయి చూస్తే ఆ ఖాతాలోనూ ఉండవచ్చు. మనం కాపాడేది మన గదిలోకి వచ్చే తర్వాతి మనిషి కంటి నుంచి మాత్రమే. పల్లెలో భయమంతా ఆ కన్నుతోనే గదా!

మరొక హెచ్చరిక. తుడవమన్నానని ఉత్సాహంతో పాల లెక్కలు, వెన్న శాతం పట్టికలు, చెల్లింపు జాబితాలు తుడిచివేయకండి. అవి సంఘం దస్తావేజులు, ఆడిట్‌కు చూపవలసినవి. సందేహం ఉన్న ఫైలును ముట్టుకోకండి.

బల్లమీద రెండు కంప్యూటర్లు ఉన్నాయి. ఇద్దరిద్దరుగా వచ్చి చేసి చూడండి. మీట ఎక్కడుందో తెలియనివారు మొహమాటపడకుండా ముందు రండి.