ఇంటి గుట్టు - ఇంటర్నెట్టు
(చమఖండిలో జరిగిన ఉగాది సన్నాహ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను పండితుడను కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. ఇంటర్నెట్టును గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, ఇంజనీరింగు చదివిన మన పిల్లలుండగా నేనెందుకని వెనుకాడాను. కాని నా చేత జరిగిన పొరపాటొకటి ఉన్నది. దానిని నలుగురిలో ఒప్పుకోవడానికి ఇంతకంటె మంచి తరుణం రాదని తలచి ఈ వేదిక ఎక్కాను.

నిరుడు మన సంఘ సభ్యుల పట్టిక రాసినది నేనే. ఇంటి యజమాని పేరు, ఉద్యోగం, సెల్‌ఫోను నంబరు, పిల్లల పేర్లు, వారు ఏ ఊళ్లో ఏ పని చేస్తున్నదీ వరుసగా రాసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో అందరికీ పంపాను. రాత ముత్యాల్లా ఉన్నదని మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను. కొన్ని నెలలకు మనలోనే ఒక పెద్దమ్మగారికి ఫోను వచ్చినది. మాట్లాడినవాడు చక్కని తెలుగులో "అమ్మా, బాగున్నారా" అని పలకరించి, కొడుకు పేరు చెప్పి, ఊరు చెప్పి, అబ్బాయి ఖాతా ఆగిపోతున్నదన్నాడు. ఫోనులోకి వచ్చిన ఓటీపీ చెప్పమన్నాడు. ఆవిడ చెప్పినది. నెల పింఛను పోయినది.

ఆ సంగతులు వాడికి నా పట్టికవల్లనే తెలిశాయని రుజువేమీ లేదు. కాని వాడు చెప్పినవన్నీ ఆ పట్టికలో ఉన్నవే. పెద్దమ్మగారు నన్నొక్క మాట అనలేదు. "నా బుద్ధి గడ్డి తిన్నది నాయనా" అని తననే నిందించుకున్నది. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయ్యా, ఇందులో మనవంటివారికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటున్నది. 1936లో ఒడిషా ఏర్పడేవరకు ఈ గంజాం మద్రాసు రాష్ట్రంలోనిదే కనుక దీనిని పరాయిగడ్డ అనలేము. అయినా పొద్దస్తమానం ఆఫీసులో హిందీ, బజారులో ఒడియా మాట్లాడి ఇల్లు చేరిన మనకు ఫోనులో తెలుగు మాట వినబడితే ప్రాణం లేచివస్తుంది. ఒడియాలో అడిగితే "ఎవరు నువ్వు" అని గద్దించే తల్లి, తెలుగులో అడిగేసరికి "చెప్పు బాబూ" అంటుంది. మోసగాడికి ఈ గుట్టు తెలుసు.

వెనుకటి మన పెద్దలకు ఏ సంగతి ఎక్కడ రాయాలో తెలుసు. క్షేమసమాచారం కార్డు మీద రాసేవారు. అప్పు సంగతి, ఆడపిల్ల సంబంధం సంగతి కవరులో పెట్టి అంటించేవారు. కార్డును పోస్టుమాన్ చదివినా నష్టం లేదు. మనం నేడు ప్రతి సంగతినీ కార్డు మీదే రాస్తున్నాము. వాట్సాప్ సందేశాన్ని దారిలో ఎవరూ చదవకుండా తాళం వేసే ఏర్పాటున్న మాట నిజమే. అందుకున్నవారు దానిని మరి పదిమందికి పంపితే ఆ తాళం ఏం చేయగలదు?

నా ఉద్యోగంలోని సంగతే చెబుతాను. ఒకప్పుడు రిజర్వేషను పెట్టెల తలుపుల పక్కన ప్రయాణికుల పేరు, వయస్సు, ఆడో మగో అంతా అచ్చువేసి అంటించేవారు. 2018 మార్చి 1 నుండి పెద్ద స్టేషన్లలో ఆ అలవాటు మానారు. ఎన్నేళ్లు మనమంతా ఆ కాగితం ముందు నిలబడి చూశామో! ఒంటరిగా ప్రయాణించే ఆడపిల్ల పేరూ వయస్సూ దారిన పోయేవాడికి ఎందుకు తెలియాలని నాకైనా ఏనాడూ తోచలేదు. 2022లో రైలు టిక్కెట్లమ్మే ఐఆర్‌సీటీసీ ప్రయాణికుల వివరాలనుండి ఆదాయం రాబట్టే మార్గం చూడడానికి సలహాదారు కోసం టెండరు పిలిచింది. జనం అభ్యంతరం చెప్పగా ఉపసంహరించుకుంది. అడిగేవారుంటే ఆగుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక చట్టం మాట. ఇంటర్నెట్టుకు ప్రభుత్వం కళ్లెం వేయాలని కొందరు, వేస్తే నోరు నొక్కినట్లేనని కొందరు వాదిస్తున్నారు. ఇద్దరి మాటలోనూ నిజమున్నది. ఐ.టి. చట్టంలో 66ఏ అనే సెక్షను ఉండేది. 2012లో మహారాష్ట్రలో ఒక అమ్మాయి బందును గురించి ఫేస్‌బుక్‌లో రెండు మాటలు రాసినందుకు, మరొక అమ్మాయి దానిని మెచ్చినందుకు పోలీసులు ఇద్దరినీ అరెస్టు చేశారు. శ్రేయా సింఘాల్ అనే విద్యార్థిని సుప్రీం కోర్టుకెక్కగా, 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షనును కొట్టివేసింది. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసి పదవీ విరమణ చేసిన పుట్టస్వామిగారి కేసులో, 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకకంఠంగా, వ్యక్తి గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పారు.

ఆ తర్వాత 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం వచ్చింది. సాధారణంగా మన సమ్మతి లేనిదే మన వివరాలు వాడరాదు, పని తీరిన తర్వాత చెరిపివేయమని అడగవచ్చు, 18 ఏండ్లలోపు పిల్లల విషయంలో తలిదండ్రుల అనుమతి కావాలి, తప్పితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండవచ్చునని అందులో ఉన్నది. దాని నిబంధనలు 2025 నవంబరులో ప్రకటించారు. ముఖ్యమైన వాటికి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. అయితే ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చుకునే అధికారం కేంద్రానికి ఉంచారు. నేను సర్కారు జీతం తింటున్నవాడినే. అయినా మనవి చేస్తున్నాను: చట్టం మోసగాడి చేతులు కట్టాలి కాని మన నోరు కట్టరాదు. వర్తకుణ్ణి అడిగిన లెక్క ప్రభుత్వాన్నీ అడగాలి.

చట్టం ఎంత గట్టిదైనా మన ఇంటి గడియ మనమే వేసుకోవాలి. ఓటీపీ కన్నబిడ్డ పేరు చెప్పి అడిగినా చెప్పవద్దు. ఫోను పెట్టేసి, మీకు తెలిసిన నంబరుకు మీరే ఫోను చేసి కనుక్కోండి. పోలీసులమని, వీడియోలో అరెస్టు చేశామని బెదిరిస్తే జంకవద్దు. అటువంటి అరెస్టు మన చట్టంలో లేదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచక, వెంటనే 1930కి ఫోను చేయండి. దొంగ సొమ్ము తీసుకోకముందే ఆపే అవకాశం ఆ తొలి గంటల్లోనే ఎక్కువ. మోసపోవడం సిగ్గుచేటు కాదు. మోసపోయినవారిని నవ్వడం సిగ్గుచేటు.

చివరగా ఒక ప్రతిపాదన. ప్రతి ఉగాది సంచిక చివరా సభ్యుల పట్టిక, ఫోను నంబర్లతో సహా అచ్చువేయడం మన ఆనవాయితీ. దానిని చూసుకోవడం మనకు పండుగే. ఈ ఏడు దానిని మానుదాము. పట్టిక కార్యదర్శిగారి బీరువాలో ఉంటుంది. కావలసినవారు అడిగితే, ఎదుటివారి అనుమతి తీసుకుని నంబరు ఇస్తారు. వాట్సాప్‌లో ఉన్న నా పాత పట్టికను దయచేసి ఎవరి ఫోనులో వారు చెరిపివేయండి. రాసినవాడినే అడుగుతున్నాను, కాదనకండి.

రాబోయేది పరాభవ నామ సంవత్సరం. పేరు వినగానే కొందరు పెద్దలు ముఖం చిట్లించారు. ఈ ఏడు ఆ పరాభవమేదో మోసగాళ్లకే జరుగుగాక, మన ఇళ్లు చల్లగా ఉండుగాక అని కోరుతున్నాను.